ఆ ఊళ్లో తెల్లారదా?

మేడమీది గది,
వానలు మొదలైన వారం

మరదలు పిల్లకి,

ఈ కవరులో ఉత్తరం కంటే పుస్తకమే బరువు. ముందు పుస్తకం తీసి పక్కన పెట్టి, తర్వాత ఇది చదువు.

గాలిపటం బాబాయి కిందటి నెలతో దిగిపోయాడు. నీ దుకాణంలో బొమ్మల కథలు అద్దెకి తీసుకునే వాళ్లంతా గొడవ చేసే ఉంటారు. మీ అన్నయ్య ఇన్నేళ్లు గీసిన మనిషి. మా ఇంట్లోనూ ఓ పెద్దదిక్కు పోయినట్టే ఉంది. ఆయన జాగాలో వచ్చిందే ఈ ‘మసివీధి’. బొమ్మలు ఎప్పట్లా మీ అన్నయ్యవి. కథ మాత్రం, నవ్వకు, నాది.

కాలేజీలో తర్కం చెప్పుకునే దానికి హత్యలెందుకు అంటావు. జవాబు ఒకటి రాశాను. చదువుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు, కొట్టేశాను. కథ ఇదీ: ఒక వీధి. ఎప్పుడూ వాన, ఎప్పుడూ రాత్రి. తాళాలు బాగుచేసే ముసలాయన్ని ఎవరో చంపేశారు. వెతికేది ఉద్యోగం పోయిన టెలిఫోన్ ఆపరేటరు. ఉద్యోగంలో చివరి రోజున ఆ ముసలాయనకి ఒక ఫోను కలిపింది. అందులో బెదిరించిన గొంతు విన్నది. ఆవిడకి మొహాలు గుర్తుండవు, గొంతులు మరపు రావు.

ఎడిటర్ గారు ఆరు సంచికలకి ఒప్పుకున్నారు. నాలుగోది వచ్చేసరికి పాఠకులు దారికి రాకపోతే కథ అక్కడే కట్టేసి, ఇంకెవరి చేతనో గాలిపటం బాబాయిని మళ్లీ ఎగరేయిస్తామన్నారు. మొహం మీదే అన్నారు, అదొక మేలు.

నీ దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని చదివేవాళ్లు ఏమంటే అది, అన్నది అన్నట్టు రాసి పంపడం మన ఆనవాయితీ కదా. బాబాయి మీసం సన్నబడిందీ, ఆయన మేనకోడలు నోరు పెరిగిందీ ఆ బెంచీ చలవే. ఈసారీ రాయి. కాకపోతే బెంచీ మాటలు ఒక కాగితం మీద, మన కబుర్లు ఇంకో కాగితం మీద రాయి. ఎందుకని అడక్కు.

నీ వదిన

*

దుకాణం,
తలుపులు వేసేముందు

వదినకి,

ఎందుకని అడక్కు అంటే అడక్కుండా ఉండటం మా వంశంలోనే లేదు. కోరి కోరి ఆ వంశంలోకే వచ్చి పడ్డావు గనక నీకూ తెలుసు. ఈసారికి వదిలేస్తున్నా.

కానీ ఇంకోటి అడుగుతా. కవరు మీద చిరునామా నీ చేత్తో ఉందేం? అన్నయ్య రాస్తే మూల ఒక చిన్న గాలిపటం గీసేవాడు. బాబాయితోపాటు అదీ దిగిపోయిందా? పోనీ ఫోన్ చేద్దామంటే మీ ఫోను హాల్లో, అన్నయ్య చెవి ఫోను పక్కన. ఇక్కడ నేను దగ్గితే అక్కడ మందు పేరు చెప్తాడు.

హత్యలు రాసి ఆడపడుచు మొగుణ్ణే భయపెట్టావు నువ్వు. మా ఆయన నీ పుస్తకం చదివి, ఇకమీదట మీ వదినతో జాగ్రత్తగా మాట్లాడాలి అన్నాడు.

నీ మరదలు

(బెంచీ మాటలు, వేరే కాగితం)

కండక్టరు, పొద్దుటి ట్రిప్పు దిగి వచ్చి: “ఏంటమ్మా ఇది, పుస్తకమా బొగ్గుల బస్తానా? ఆ ఊళ్లో తెల్లారదా? సిరా ఊరికే వచ్చిందని ఒంపేశారా? నా బాబాయిని నాకు తెచ్చియ్యి.”

దర్జీ ఆవిడ: “నాకు నచ్చింది. నల్లబట్ట మీద తెల్లదారంతో కుట్టినట్టుంది. ఆ ఆపరేటరు చెవికి చెయ్యి అడ్డంపెట్టి వింటుంటే నాకూ ఏదో వినబడ్డట్టయింది. కానీ ఇంటికి తీసుకెళ్లను, భయం. ఇక్కడే చదివేస్తా.”

కండక్టరు: “భయపడ్డానికి అద్దె కట్టాలా? మా బస్సెక్కు, ఊరికే భయపెడతాం.”

కాలేజీ అమ్మాయిలు ఇద్దరు. ఒకతె: “అదిరింది.” రెండోది: “ఏం అదిరిందే, టోపీలు పెట్టుకున్న వాళ్లంతా ఒకేలా ఉన్నారు. ఎవడు ఎవడో తెలిస్తేగా అదరడానికి!”

*

మేడమీది గది,
రెండో సంచిక అచ్చుకి వెళ్లాక

మరదలు పిల్లకి,

బెంచీ మాటలు చదివి వినిపించాను. బొగ్గుల బస్తా దగ్గర మీ అన్నయ్య పగలబడి నవ్వి, “కండక్టరు గట్టివాడే” అన్నారు. టోపీల సంగతి మాత్రం నవ్వకుండా విన్నారు. రెండో సంచికలో ఒక టోపీ అంచు విరిగి ఉంటుంది, ఇంకోదానికి తడిసిన ఈక ఉంటుంది. ఆ అమ్మాయికి చెప్పు.

నా సంగతే నాకు తేలడం లేదు. కండక్టరు అన్నది నిజమే అనిపిస్తుంది, దర్జీ ఆవిడ అన్నదీ నిజమే అనిపిస్తుంది. రెండూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదని పిల్లలకి చెప్పి జీతం తీసుకునేదాన్ని. ఎడిటర్ గారికి వచ్చిన ఉత్తరాలూ అలాగే ఉన్నాయట. సగం తిట్లు, సగం మెచ్చుకోళ్లు. ఒకే మనిషి మొదటి పేజీలో తిట్టి, వెనక పేజీలో హంతకుడెవరో తనకి ముందే చెప్పమని బతిమాలిన ఉత్తరం కూడా ఉందట.

కవరు మీద గాలిపటం అంటావా, ఆయనకి పని ఎక్కువైంది. అంతకంటే ఏం లేదు.

నీ వదిన

*

దుకాణం,
మూడో సంచిక వచ్చిన మర్నాడు

వదినా,

ఈ ఉత్తరంలో బెంచీ మాటలు లేవు. అన్నీ నా మాటలే.

చిన్నప్పుడు నా చెవులు చాటలంత ఉన్నాయని బళ్లో ఏడిపించేవాళ్లు. ఓ సెలవు రోజు అన్నయ్య పొద్దస్తమానం కూర్చుని ఇంట్లో అందరి చెవులూ గీసి గోడకి అంటించాడు. “చూడవే, ఒక్కడి చెవీ సరిగ్గా ఏడవలేదు. నీదే నయం” అన్నాడు. ఆనాటి నుంచీ చెవి గీయకుండా మనిషి బొమ్మ వదిలింది లేదు. మబ్బుల్లో ఎగిరే బాబాయి కందిగింజంత ఉన్నా, చెవి మడత కనబడేది. బెంచీ మీద పిల్లలకి అది వెతకడం ఒక ఆట.

నిన్న మూడు సంచికలూ ముందేసుకుని కూర్చున్నా. మసివీధిలో ఒక్క చెవీ లేదు. టోపీ కింద దాక్కుంది, చేతి వెనక దాక్కుంది, లేదా చీకట్లో పోయింది. కళ్లు బాగున్నాయి, మూతి బాగుంది, ఆ పక్కకి వచ్చేసరికి గీత దారి తప్పిపోతోంది. కొన్ని బొమ్మల్లో గోడ అంచు బొమ్మ చట్రం దాటి బయటికొచ్చింది. అన్నయ్య గీత గడప దాటడం నేనెప్పుడైనా చూశానా?

బెంచీ మాటలు ఎప్పుడూ తనే చదువుకునేవాడు. పడీ పడీ నవ్వి, వాటి పక్కనే బొమ్మలు వేసి తిప్పి పంపేవాడు. ఇప్పుడు నువ్వు “చదివి వినిపించాను” అంటావు. రెండు కాగితాలంటావు. పని ఎక్కువైందంటావు.

అబద్ధం చెప్పడం చేతకాని మనిషివి, ఎందుకమ్మా ఈ వయసులో నేర్చుకోవడం? అన్నయ్య కళ్లకి ఏమైంది?

*

మేడమీది గది,
ఉత్తరం అందిన రోజే

అమ్మాయ్,

కూర్చుని చదువు.

మీ అన్నయ్య చూపు చుట్టుపక్కల నుంచి ముడుచుకుపోతోంది. నడుమ కొంచెం మిగిలింది. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందట. ఆగదు, మెల్లగా నడుస్తుంది అని చెప్పింది కంటి డాక్టరు. ఆయన డాక్టరుతో, “మెల్లగా నడిచేవాటితో నాకు పేచీ లేదు, నేనూ మెల్లగానే గీస్తాను” అన్నారు. బయటికొచ్చాక మెట్ల దగ్గర నా భుజం పట్టుకున్నారు. అంతకు ముందు ఎప్పుడూ పట్టుకోలేదు.

తెల్లకాగితం ముందు కూర్చుంటే కళ్లు చెదిరి నీళ్లు కారేవి. బాబాయిది అంతా ఆకాశం, అంతా వెలుతురు. గీయలేకపోయారు. ఒక మధ్యాహ్నం చిరాకుపడి, అట్టల కోసం తెచ్చిన నల్ల కాగితం తీసి, తెల్ల సిరాతో ఒక కిటికీ గీశారు. కనబడింది! “చూడు, ఇది నాకు కనబడుతోంది” అని కేకేశారు. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నదాన్ని లేచి వెళ్లి ఆ కిటికీ వంక చూస్తూ నిలబడ్డాను. నల్ల కాగితం మీద ఏ కథ బతుకుతుంది? రాత్రి బతుకుతుంది, వాన బతుకుతుంది, నేరం బతుకుతుంది. అందుకే హత్యలు. నేను కొట్టేసిన జవాబు ఇదే.

మొహం గీస్తూ గీస్తూ పక్కకి వెళ్లేసరికి ఎక్కడున్నారో ఆయనకి తెలియదు. అందుకని చెవులు కప్పేసే సందర్భాలు నేనే రాస్తున్నాను. టోపీలు, చేతులు, గొడుగులు. నువ్వు పట్టుకుంటావని ఆయన ముందే అన్నారు. “దాని చెవుల మీద ఒట్టు, అది పట్టుకుంటుంది” అన్నారు.

ఎడిటర్ గారికి చెప్పక తప్పలేదు. ఆయన మంచివాడే, కానీ వెంటనే, “ఈ సంగతి అట్ట మీద వేద్దాం, జనం కదిలిపోతారు, సంచిక నిలబడుతుంది” అన్నారు. నీ దగ్గర దాపరికమెందుకు, నా మనసు లాగింది. ఈ పని ఆగిపోతే మీ అన్నయ్య పొద్దున్నే లేచి ఏ కుర్చీలో కూర్చుంటారు అన్నదొక్కటే నా భయం. మీ అన్నయ్య మాత్రం తల అడ్డంగా ఊపారు. “జాలిపడి కొన్న పుస్తకాన్ని చదవరు, దాచుకుంటారు. నన్ను చదవమను. నచ్చకపోతే తిట్టమను” అన్నారు.

కాబట్టి బెంచీ దగ్గర ఈ మాట పొక్కకూడదు. ఏడవాలనుంటే ఏడువు, తర్వాత మొహం కడుక్కుని బెంచీ మాటలు రాయి.

నీ వదిన

*

దుకాణం,
నాలుగో సంచిక వచ్చిన వారం

వదినకి,

ఏడ్చాను, మొహం కడుక్కున్నాను. ఇంతకంటే ఇప్పుడేం రాయలేను. బెంచీ మాటలు పంపుతున్నా.

(వేరే కాగితం)

కండక్టరు: “చాలా బాగుంది. గొప్ప పని. అంత చీకట్లో అంత బాగా గీయడమంటే మాటలు కాదు.”

దర్జీ ఆవిడ: “చేతికి దణ్ణం పెట్టాలి.”

కాలేజీ అమ్మాయిలు: “టోపీలు ఇప్పుడు బాగా తెలుస్తున్నాయి. అసలు ముందూ బాగానే ఉన్నాయి.”

*

మేడమీది గది,
వాన తెరిపిచ్చిన రోజు

అమ్మాయ్,

నువ్వు పంపిన కాగితం చదివాను. మీ అన్నయ్య మొదటి మాటకి తల పైకెత్తారు, రెండో మాటకి దించేశారు. మూడోది అయ్యాక, “మళ్లీ చదువు” అన్నారు. చదివాను.

“ఇది కండక్టరు గొంతు కాదు. వాడు బాగుందని ఎప్పుడన్నాడు? బాబాయి సముద్రం దాటిన సంచికకి కూడా నీళ్లు సరిగ్గా తడిగా లేవన్నాడు. నన్ను తిట్టేవాళ్లంతా ఏమైపోయారు?” అన్నారు.

ఆయన లేచి, గోడ పట్టుకుని వెళ్లి కుంచె కడిగేసి మూతపెట్టారు. పని మధ్యలో కుంచె కడగరు, నీకు తెలుసు. ఐదో సంచిక సగంలో ఆగింది. ఎడిటర్ గారు తిట్లూ మెచ్చుకోళ్లూ పోటీపడి వస్తున్నాయి గనక ఆరూ పూర్తిచేయమన్నారు. తీరా ఇప్పుడు గీసే మనిషే కుర్చీలోకి రావడం లేదు.

కోప్పడ్డానికి రాయడం లేదు. నేనైతే నోరు జారేదాన్ని కాదా అని ఆలోచించాను, నమ్మకంగా చెప్పలేను. కానీ దీన్ని సరిచేయాలి. చెప్పేశావు కదూ?

*

దుకాణం,
మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు

వదినా,

చెప్పేశాను.

నాలుగో సంచిక విప్పగానే కండక్టరు, “ఈ గీసేవాడికి కళ్లున్నాయా అసలు?” అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. ఆ రోజు మాత్రం నా ఒళ్లు మండిపోయింది. “లేవు! పోతున్నాయి! చాలా?” అని అరిచాను. దర్జీ ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. కండక్టరు పుస్తకం మూసి రెండు చేతుల్తో ఇచ్చాడు, ప్రసాదం ఇచ్చినట్టు. నాకు ఆ క్షణమే తెలిసింది, అన్నయ్య ఏ పుస్తకం గురించి అన్నాడో.

నీ ఉత్తరం వచ్చాక కండక్టర్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టా. “నీ మెచ్చుకోలు విని మా అన్నయ్య కుంచె కడిగేశాడు” అన్నా. బిత్తరపోయాడు. “అంటే... తిట్టమంటావా?” అన్నాడు. “తిట్టమనడం లేదు. నువ్వు నిజంగా ఏమనుకుంటున్నావో చెప్పు, చాలు” అన్నా. “కళ్లు పోతున్న మనిషిని పట్టుకుని ఎలా చెప్పనమ్మా?” అన్నాడు. “కళ్లే పోతున్నాయి, చెవులు శుభ్రంగా ఉన్నాయి” అన్నా. చాలాసేపు టిక్కెట్ల సంచీ తిప్పుతూ కూర్చున్నాడు. ఆఖరికి చెప్పాడు. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లబోతే కూర్చోబెట్టా. ఒక్క మాట మార్చలేదు. నాకూ చేదుగానే ఉంది, అయినా చదివి వినిపించు.

(వేరే కాగితం)

కండక్టరు: “అయ్యా, మీ గురించి తెలిసింది. తెలిసినా నా అభిప్రాయం మారలేదు. నాకు కథ నచ్చింది, హంతకుడెవరో తెలియక డ్యూటీలో చిల్లర తప్పు ఇస్తున్నాను. కానీ ఈ పుస్తకంలో నాకు ఊపిరాడదు. నేను చీకటుండగానే లేస్తాను. మొదటి ట్రిప్పులో బస్సు ఊరు దాటాక తెల్లారుతుంది. అద్దం మీద ఒక్కసారి వెలుగు పడుతుంది. ఆ ఒక్కదాని కోసమే ఇన్నేళ్లు ఈ ఉద్యోగం చేశాను. మీ బాబాయి పుస్తకాల్లో అది ఉండేది. ఇందులో నాలుగు పుస్తకాలైనా లేదు. మీకు కనబడకపోవచ్చు. నాకు కనబడుతుంది కదా, నాకు కావాలి. తెల్లారకుండా కథ ముగిస్తే మాత్రం నేను ఊరుకోను.”

*

మేడమీది గది,
ఎండ కాసిన వారం

మరదలు పిల్లకి,

చదివి వినిపించాను. నేను మధ్యలో ఆగితే, “ఊఁ, కానీ” అన్నారు. అయ్యాక, “వీడు కండక్టరు” అన్నారు. నవ్వుతున్నారు.

మర్నాటికల్లా ఐదో సంచిక పని మొదలైంది. ఆరోదాని దగ్గరే మా ఇద్దరికీ పడింది. నా కథలో హంతకుడు రాత్రే దొరికిపోతాడు. “తెల్లారాలి” అన్నారు. “తెల్లకాగితం మీద మీరు గీయలేరు” అన్నాను. “గీస్తానని నేనన్నానా? నువ్వు తెల్లారేలా రాయి, మిగతాది నాకొదిలెయ్” అన్నారు.

సందేహాల పుట్టని నాకు తెలుసుగా. తెల్లారితే కథ చెడిపోతుందని రెండు రోజులు వాదించాను. మూడో రోజు కాలేజీకి నడుస్తుంటే తట్టింది. ఈ సంగతి ఆరోది చదివాకే బెంచీ మీద విప్పు. హంతకుడు గస్తీవాడు. రాత్రంతా “అంతా క్షేమం” అని అరుస్తూ తిరిగేవాడు. అరిచే గొంతుని ఆపరేటరు గుర్తుపట్టలేకపోయింది. తెల్లారాక అరవాల్సిన పని లేదు కదా. లాంతరు ఆర్పి, మామూలు గొంతుతో మెల్లగా, “ఇక ఇంటికి పోతానమ్మా” అంటాడు. ఆ గొంతే ఫోనులో విన్న గొంతు. పగలు లేకపోతే వాడు దొరకడు! కండక్టరు ఊపిరాడక అడిగినదే నా కథకి కావలసింది. ఆరు సంచికలు ఆలోచించిన నాకు అతను అడిగేదాకా ఈ ముక్క తోచలేదు.

ఇక ఆ పేజీ. నల్ల కాగితం బల్ల మీద పరిచారు. తెల్ల సిరాతో వీధీ, గస్తీవాడి వీపూ, ఆపరేటరు మొహం గీశారు. చెయ్యి అడ్డం పెట్టలేదు, టోపీ లేదు. మొహం పక్కకి వచ్చేసరికి కుంచె కాసేపు ఆపి, ఎడమచేతి వేలితో ఆరిన సిరా అంచు తడుముకుంటూ కుడిచేత్తో చెవి గీశారు. కొంచెం పెద్దదైంది. ఎవరి చెవో నీకు తెలుస్తుంది.

తర్వాత సన్నటి కత్తి తీసుకుని, వేళ్లతో కొలుచుకుంటూ, వీధి చివర కిటికీ ఉన్నచోట కాగితాన్ని కోసేశారు. నేను అరవబోయి నోరు నొక్కుకున్నాను. కోసిన ముక్క తీసి నా చేతిలో పెట్టి, కాగితం మా గది కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నారు. “తెల్లారిందా?” అని అడిగారు.

తెల్లారింది, అమ్మాయ్.

అచ్చులో అది తెల్లటి చదరంగానే వచ్చింది. ఎడిటర్ గారు ఇంకో కథకి సరే అన్నారు. “ఈసారి ఒక మధ్యాహ్నం కూడా పడేలా చూడండి” అని షరతు. రాయగలనో లేదో తెలియదు. రాయడం మాత్రం మొదలుపెట్టాను. అసలు పేజీ నీకు పంపమన్నారు మీ అన్నయ్య. కవరు మూల చూడు, ఒక గాలిపటం కోశారు.

నీ వదిన

*

దుకాణం,
పొద్దున్నే

వదినకి,

చెవి నాదే. ఇంకా చాటలానే ఉంది. దర్జీ ఆవిడ ఒకసారి బొమ్మనీ ఒకసారి నన్నూ చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

పేజీని దుకాణం అద్దాల తలుపుకి లోపలి నుంచి అంటించాను. ఇవాళ ఎండ ఎక్కగానే, కోసిన కిటికీలోంచి వెలుగు ముక్క ఒకటి వచ్చి, నేను ఎండ తగలకుండా లోపలికి జరిపిన బెంచీ మీద పడింది. కండక్టరు పొద్దుటి ట్రిప్పు దిగి వచ్చాడు. కూర్చోబోయి, దాన్ని చూసి, పక్కకి జరిగి కూర్చున్నాడు. ఆరో సంచిక మొదటి నుంచి చివరిదాకా కదలకుండా చదివాడు. తర్వాత లేచి తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

కింది కాగితం అన్నయ్యకి చదువు. ఒక్క మాట తగ్గించకు.

నీ మరదలు

(బెంచీ మాటలు)

కాలేజీ అమ్మాయి, రెండోది: “గస్తీవాడా! ఛ, నేను డాక్టరనుకున్నా. ఇది మోసం. నాకు నచ్చలేదు. మళ్లీ మొదటి నుంచి చదవాలి.”

దర్జీ ఆవిడ: “నాకు రాత్రులే బాగున్నాయి. ఆ తెల్లవారడం లేకపోయినా చదివేదాన్ని.”

కండక్టరు: “గస్తీవాడే అని నాకు మూడో పుస్తకంలోనే తెలుసు.”

దర్జీ ఆవిడ: “మూడో పుస్తకంలో నువ్వు ఆపరేటరు మీదే అనుమానపడ్డావు.”

కండక్టరు: “నువ్వాగమ్మా. అయ్యా, తెల్లారింది. బాగుంది. మా బస్సు అద్దం మీద పడేది ఇదే. కానీ ఆ కిటికీ ఎడమపక్క కిందకి జారింది. అలాంటి చట్రానికి రెక్క బిగించలేరు, వానొస్తే నీళ్లు లోపలికొస్తాయి. ఇంకోసారి కోసేటప్పుడు కాస్త చూసుకోండి.”